ఆకాశానికి కావలి, కూలికి లేని నీడ

(కరువు ప్రాంత వ్యవసాయ కూలీల, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా వేస్తున్నాం.)



ఈ రోజు నన్ను అమెరికా చట్టాల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట చెప్పంగానే ముందు వరసలో కూచున్న పెద్దాయన "మన వాడ శ్మశానం జాగా సంగతే ఇంకా తేలలేదు, అమెరికా యవ్వారం మనకెందుకబ్బా" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పే బాధ్యత నాది. చెప్పలేకపోతే మధ్యలోనే నన్ను కూచోబెట్టండి.

పోయిన నెల మా వాడలో ఇంటర్ చదివే పిల్లోడు సెల్‌ఫోన్ తెచ్చి ఒక వీడియో చూపించినాడు. ఆకాశంలో విమానం పోతా ఉంది. దాని వెనక తెల్లగా రెండు చారలు. తెలుగులోనే ఒక గొంతు చెబుతోంది: "చూడండి, మందు కొడుతున్నారు. మన మేఘాలను చంపుతున్నారు. అమెరికాలో దీన్ని నిషేధించారు. మనోళ్ళు నిద్రపోతున్నారు." ఇది యాడ నుంచి వచ్చిందిరా అంటే, డాలస్‌లో ఉండే ఊరి పెద్దోళ్ళ అబ్బాయి ఊరి గ్రూపులో పెట్టినాడంట. పిల్లోడు నన్ను అడిగినాడు: "మామా, మన శెనక్కాయ ఎండిపోయేది ఇందుకేనా?"

నవ్వి కొట్టిపారేయలేకపోయినాను. పంట ఎందుకు ఎండిందని అడిగే హక్కు ఆ పిల్లోడికి ఉంది. వాళ్ళ నాయన కౌలుకు చేసి అప్పులపాలైనాడు. రెండు రోజులు టైమియ్యిరా, చదివి చెబుతా అన్నాను. రెండు రోజులు కాస్తా నెల అయింది. చదివింది మీ ముందు పెడుతున్నాను.

ఆ వీడియోలో ఒక మాట నిజం. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేసినాయి. మొదట 2024లో టెనెసీ. వాతావరణాన్ని, ఉష్ణోగ్రతను, ఎండ తీవ్రతను మార్చాలనే స్పష్టమైన ఉద్దేశంతో రసాయనాలుగానీ మరే పదార్థాలుగానీ గాలిలోకి వదలకూడదని ఆ చట్టం చెబుతుంది. ఆ ఏడు జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2025 జూన్‌లో ఫ్లోరిడా గవర్నర్ డిశాంటిస్ ఇంకా గట్టి చట్టం మీద సంతకం పెట్టినాడు. అక్కడ ఇది క్రిమినల్ నేరం. ఐదేళ్ళ దాకా జైలు, లక్ష డాలర్ల దాకా జరిమానా. ఇట్లాంటి పనికి తయారుచేసిన విమానం ఏదైనా వచ్చి దిగితే విమానాశ్రయాలు ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. ఆ నెలలోనే లూసియానా కూడా చట్టం చేసింది. అనుమానం వచ్చిన పౌరులు పర్యావరణ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు, శాఖ ఆ ఫిర్యాదును నమోదు చేసుకోవాలి. ఇంకా చాలా రాష్ట్రాల్లో ఇట్లాంటి బిల్లులు పెట్టినారు.

ఇక ఆ తెల్ల చారలు. చలికాలం తెల్లారుజామున కూలికి పోతుంటే మన నోట్లోంచి పొగలాగా ఆవిరి వస్తుంది కదా, అదే సంగతి. విమానం ఇంజను నుంచి వేడి ఆవిరి వస్తుంది. అంత ఎత్తున చలి విపరీతం. ఆవిరి మంచు పలుకులై చారగా కనిపిస్తుంది. పైన గాలిలో తేమ ఉంటే చాలాసేపు నిలుస్తుంది, పొడిగా ఉంటే వెంటనే మాయమవుతుంది. అందుకే ఒక రోజు చార ఉంటుంది, ఒక రోజు ఉండదు. 2016లో ఈ విషయం తెలిసిన 77 మంది శాస్త్రవేత్తలను అడిగితే 76 మంది రహస్యంగా మందు చల్లుతున్నారనడానికి ఆధారం తమకు కనిపించలేదన్నారు. కాబట్టి "మందు కొడుతున్నారు" అనే మాట అబద్ధం.

అబద్ధమని తేలింది గదా అని ఇక్కడ ఆపేస్తే సగమే చెప్పినట్టు. ఎందుకంటే మబ్బుల్లో మందు చల్లడమనేది అసలే లేని పని కాదు. మనం కళ్ళారా చూసినాం. 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెలుగుదేశం ప్రభుత్వం మేఘమథనం మొదలుపెట్టింది. 2004లో వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం దాన్ని కొనసాగించింది. అనంతపురం దిక్కు విమానాలు తిరిగినాయి. మా ముసలోళ్ళు చేనులో నిలబడి చెయ్యి నెత్తికి అడ్డం పెట్టుకుని చూసేవాళ్ళు. ఒకసారి విమానం వచ్చిపోయిన సాయంత్రం నాలుగు చినుకులు పడితే, విమానం వల్ల పడిందని ఊళ్ళో సగం మంది, మామూలుగానే పడిందని సగం మంది కొట్లాడుకున్నారు. ఇరవై ఏండ్ల తర్వాత కూడా ఆ తగువు తీరలేదు. మా ఊరి గ్రామసభను మాత్రం ఎవరూ అడగలేదు. ఏం చల్లుతున్నారో, ఎంత చల్లుతున్నారో, వాన పడితే ఎవరి చేలల్లో పడుతుందో ఒక్క కాయితం పంచాయితీ గోడకు అంటించలేదు.

ఈ పని ఎట్లా చేస్తారో సంగ్రహంగా చెబుతాను. 1946లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే విన్సెంట్ షేఫర్ విమానంలో పోయి మబ్బులో పొడి మంచుగడ్డ చల్లితే మబ్బు మంచుగా రాలింది. అదే కంపెనీలో బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయోడైడ్ అనే వెండి లవణం కూడా ఆ పని చేస్తుందని కనిపెట్టినాడు. దాని పలుకుల చుట్టూ నీళ్ళు గడ్డకట్టి బరువెక్కి కింద పడతాయి. అయితే ముందు మబ్బు ఉండాలి. మబ్బులో నీళ్ళుండాలి. మబ్బును పుట్టించే మందు ఏదీ లేదు. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ ఇచ్చిన నివేదికలో, వేర్వేరు అధ్యయనాలు చెప్పిన అదనపు వాన సున్నా నుంచి ఇరవై శాతం దాకా ఉందని రాసినారు. సున్నా కూడా అందులో ఉంది, గుర్తుపెట్టుకోండి. 2025 అక్టోబరు 28న ఢిల్లీలో కాలుష్యం కడగాలని విమానం ఎగరేసినారు. మబ్బుల్లో తేమ లేదు. వాన పడలేదు.

ఇంకొకటి ఉంది. వానకోసం కాదు, ఎండ తగ్గించడానికి. భూమి వేడెక్కుతోంది కాబట్టి పైన బాగా ఎత్తున గంధకం లాంటిది చల్లి సూర్యుడికి పల్చటి తెర కట్టాలనే ఆలోచన. భూగోళానికి పందిరి వేసినట్టు. ఈ ఆలోచన వట్టి ఊహ నుంచి రాలేదు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి కోటిన్నర టన్నులకు పైగా గంధకపు వాయువు పైకి పోయింది. తర్వాతి ఏడాది భూమి దాదాపు అర డిగ్రీ చల్లబడింది. బాగుంది కదా అనిపిస్తుంది. కానీ అదే 1992లో భూమ్మీద వానలు కూడా తగ్గినాయి. 2013లో బ్రిటన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద లెక్కగట్టి చెప్పిందేమంటే, గంధకం భూగోళపు ఉత్తర సగంలో మాత్రమే పైకి పోతే ఆఫ్రికాలో సహేల్ అనే మెట్ట ప్రాంతంలో కరువు వస్తుందని. ఒకరి పందిరి ఇంకొకరి చేను మీద వాన ఆపుతుంది. వానమీద బతికే మనలాంటోళ్ళకు ఇది నవ్వులాట కాదు.

ప్రభుత్వాలు అబద్ధం చెప్పవా అంటే చెప్పినాయి. 1967 నుంచి 1972 దాకా అమెరికా సైన్యం వియత్నాం యుద్ధంలో హోచిమిన్ బాట మీద మబ్బుల్లో మందు చల్లింది. వానాకాలం పొడిగిస్తే బురదలో లారీలు కూరుకుపోతాయని లెక్క. ఆ పనికి ఆపరేషన్ పొపాయ్ అని పేరు. సొంత దేశం పార్లమెంటుకు కూడా చెప్పలేదు. అది పత్రికల్లో బయటపడిన తర్వాతనే వాతావరణాన్ని యుద్ధాయుధంగా వాడకూడదని అంతర్జాతీయ ఒప్పందం తయారైంది. 1978లో అమల్లోకి వచ్చింది. కాబట్టి ఆకాశం దిక్కు చూసి అనుమానపడే అమెరికా పల్లెటూరోణ్ణి పిచ్చోడనడానికి నాకు మనసొప్పదు. వాడి అనుమానానికి చరిత్ర ఉంది. నా ప్రశ్న ఆ అనుమానాన్ని ఎవరు ఎటు తోలుతున్నారనేది.

ఇప్పుడు చట్టంలోని ఆ ఒక్క మాట దగ్గరికి వద్దాం. "ఉద్దేశంతో". వాతావరణం మార్చాలనే ఉద్దేశంతో చేస్తే నేరం. మరి ఉద్దేశం లేకుండా మారిస్తే? బొగ్గు కాల్చే కంపెనీ, చమురు శుద్ధి కంపెనీ, వాళ్ళ ఉద్దేశం లాభం. వాతావరణం మార్చడం కాదు. 1750 నుంచి ఈ ప్రపంచంలో కాల్చిన బొగ్గు, చమురు, గ్యాసుల పొగలో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ఆకాశాన్ని నిజంగా మార్చింది అది. వానలు గతి తప్పింది అందువల్ల. కానీ ఈ చట్టం ముందు ఆ చిమ్నీ నిర్దోషి. ఒక పిల్లకంపెనీ బుడగలో గుప్పెడు గంధకం పైకి పంపితే నేరస్తుడు.

ఈ "ఉద్దేశం" అనే మాట మనకు కొత్తదా? ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చినప్పుడు అందులో పెద్ద శిక్షపడే సెక్షన్‌లో ఒక మాట పెట్టినారు. బాధితుడు ఎస్సీ లేక ఎస్టీ "అయిన కారణంగా" నేరం చేసి ఉండాలని. తల పగిలింది కనిపిస్తుంది, గుడిసె కాలింది కనిపిస్తుంది. కొట్టినోడి మనసులో కులం ఉందని రుజువు చెయ్యమన్నారు. ఖైర్లాంజీలో 2006లో ఒక దళిత కుటుంబంలో నలుగురిని చంపితే, 2008లో కింది కోర్టు హత్య జరిగిందన్నది, అత్యాచారాల చట్టం వర్తించదన్నది. 2015లో సవరణ చేసి "ఎస్సీ ఎస్టీ అని తెలిసి" అని మార్చేదాకా ఎన్ని కేసులు ఆ ఒక్క మాటకింద నలిగిపోయినాయో ఇక్కడున్న వకీళ్ళకు తెలుసు. దెబ్బ తిన్నోడి వైపు నుంచి చూసే చట్టం జరిగిన నష్టాన్ని కొలుస్తుంది. కొట్టినోడి వైపు నుంచి చూసేది ఉద్దేశం అడుగుతుంది. మాట చిన్నదే. దాని చాటున ఎంత మందైనా దాక్కోవచ్చు.

ఫ్లోరిడా సంగతి ఇంకొంచెం చెప్పాలి. మనం కూలోళ్ళం కాబట్టి ఇది మనకు గట్టిగా తగులుతుంది.

ఫ్లోరిడా బాగా ఎండ కాసే చోటు. అక్కడ టమాటాలు, బత్తాయి లాంటి నారింజలు కోసేది, ఇండ్ల పైకప్పులు వేసేది ఎక్కువ భాగం మెక్సికో, గ్వాటెమాలా, హైతీల నుంచి పొట్టకూటికి వచ్చిన కూలీలు. నల్లవాళ్ళు, గోధుమ రంగువాళ్ళు. మయామీ-డేడ్ అనే కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిది, కూలీల సంఘాలు ఏండ్ల తరబడి కొట్లాడినాయి. ఏమడిగినారు? భూమి అడగలేదు, బంగారం అడగలేదు. విపరీతమైన ఎండలో పని చేసేటప్పుడు తాగనీళ్ళు, రెండు గంటలకొకసారి పది నిమిషాలు నీడలో విరామం. అంతే. కౌంటీ ఒప్పుకునేటట్టు కనిపించింది. అప్పుడు 2024 ఏప్రిల్‌లో ఫ్లోరిడా రాష్ట్రం ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో ఏ కౌంటీగానీ ఏ పురపాలక సంఘంగానీ ఎండ నుంచి కూలీలకు రక్షణ కల్పించమని యజమానులను ఆదేశించకూడదని. నీళ్ళివ్వమనకూడదు, నీడ చూపించమనకూడదు. ఆ చట్టం మీద సంతకం పెట్టిందీ డిశాంటిసే. ఆ తర్వాతి నెలలో ఇంకో సంతకం. రాష్ట్ర ఇంధన చట్టాల్లో "వాతావరణ మార్పు" అనే మాట ఉన్న చోట్లు చాలావరకు కొట్టేసినారు.

2025లో అదే గవర్నర్, అదే చట్టసభ, ఆకాశానికి ఎవరూ నీడ కప్పకూడదని చట్టం చేసినారు. ఒకసారి కలిపి చూడండి. సూర్యుడికి తెర కడితే ఐదేళ్ళ జైలు. కూలోడికి చెట్టు నీడ చూపించమని ఊరు తీర్మానం చేస్తే అదీ చెల్లదు. భూమి వేడెక్కుతోందనే మాట పుస్తకంలోంచి చెరిపేసినారు, ఆ వేడిలో పనిచేసేవాడికి నీళ్ళు అడిగే దారి మూసేసినారు. టెక్సాస్‌లో కూడా ఇంతే. ఆస్టిన్, డాలస్ నగరాల్లో కట్టుబడి కూలీలకు నాలుగు గంటలకు పది నిమిషాల విరామం ఇవ్వాలని నియమం ఉండేది. అట్లాంటి నగరాల నియమాలు చెల్లవంటూ 2023లో రాష్ట్రం చట్టం చేసింది. మన ఊరి గ్రూపులో వీడియో పెట్టిన అబ్బాయి ఉండేది ఆ డాలస్‌లోనే. ఈ సంగతి ఆయన పెట్టలేదు. ఆయన ఏసీ ఆఫీసు కిటికీలోంచి విమానం చార కనిపిస్తుంది, కింద పైకప్పు వేసేవాడు కనిపించడు.

ఇక లూసియానా. ఆ రాష్ట్రంలో మిసిసిపీ నది పొడుగునా బేటన్ రూజ్ నుంచి న్యూ ఆర్లియన్స్ దాకా 85 మైళ్ళ మేర, అంటే మన లెక్కలో దాదాపు 137 కిలోమీటర్లు, రసాయనాల ఫ్యాక్టరీలు, చమురు శుద్ధి ఫ్యాక్టరీలు బారులు తీరి ఉంటాయి. ఆ దారికి జనం పెట్టిన పేరు క్యాన్సర్ ఆలీ. క్యాన్సర్ సందు అనుకోండి. ఆ ఫ్యాక్టరీల్లో చాలావాటి కింద ఉన్నది ఒకప్పటి చెరకు తోటల భూమి. బానిసలుగా ఆ తోటల్లో చాకిరీ చేసిన నల్లవాళ్ళ మనవలు, మునిమనవలు ఆ పక్క ఊళ్ళలోనే ఉన్నారు. తాతలు దొర కొరడా కింద బతికితే మనవలు దొర పొగగొట్టం కింద బతుకుతున్నారు. ఊరి మురుగంతా వాడ వైపే ఎందుకు పారుతుందో తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ సెయింట్ జేమ్స్ ప్రాంతంలో షారన్ లవీన్ అనే టీచరమ్మ ఊరోళ్ళను కూడగట్టి పెద్ద ప్లాస్టిక్ కంపెనీని అడ్డుకుంది. 2021లో గోల్డ్‌మన్ బహుమతి ఆమెకు వచ్చింది.

ఈ జనం చేసిందేమంటే, తక్కువ ధరకు దొరికే గాలి కొలిచే చిన్న పరికరాలు తెచ్చి ఇండ్ల దగ్గర పెట్టుకున్నారు. మా గాలిలో విషం ఎంతుందో మేమే కొలుచుకుంటాం, మీ ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఆగమన్నారు. 2024 మే నెలలో లూసియానా ఒక చట్టం చేసింది. ప్రభుత్వం ఒప్పుకున్న ఖరీదైన పద్ధతిలో తప్ప ఊరి సంఘాలు తమ పరికరాల లెక్కలు చూపించి ఫలానా కంపెనీ చట్టం ఉల్లంఘించిందని ఆరోపించకూడదు. మీరితే రోజుకు 32,500 డాలర్ల దాకా జరిమానా. 2025 మేలో ఆ సంఘాలు కోర్టుకు పోయినాయి, మా నోరు కట్టేస్తున్నారని.

సరిగ్గా ఆ మరుసటి నెలలోనే అదే రాష్ట్రం ఆకాశంలో అనుమానం వస్తే ఎవరైనా ఫిర్యాదు చేయండి అన్నది. దానికి పరికరం అక్కర్లేదు. కళ్ళతో తెల్ల చార చూస్తే చాలు. చేతిలో కొలత పట్టుకున్న నల్ల ఆడమనిషికి జరిమానా భయం, మేడ మీద నిలబడి అనుమానపడేవాడికి సర్కారు రిజిస్టరు. పోలీస్ స్టేషన్‌లో ఎవరి ఫిర్యాదుకు ఎఫ్.ఐ.ఆర్. అవుతుందో, ఎవరి ఫిర్యాదుకు "రేపు రా పో" అంటారో చూసినోళ్ళం మనం.

వాన ఎవరిది అనే ప్రశ్న మీద అమెరికాలో చాలా పాత కేసులున్నాయి. ఒకటి చెబుతాను. 1950లలో టెక్సాస్‌లో కొందరు పెద్ద రైతులు వడగండ్ల నుంచి పంట కాపాడుకోవాలని డబ్బులిచ్చి విమానాలతో మబ్బుల్లో మందు చల్లించుకున్నారు. పక్క ప్రాంతంలో పశువుల మేత భూములున్న ఆసాములు, మా మబ్బులు చెదరగొడుతున్నారు, మా గడ్డి ఎండుతోందని కోర్టుకు పోయినారు. కోర్టు వాళ్ళ మాట విన్నది. 1959లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ ఉత్తర్వును నిలబెట్టింది. ప్రకృతి ఇచ్చే వాన మీద భూమి యజమానికి హక్కుంది, ఆయన భూమి పైనున్న మబ్బును ఇంకొకరు పాడు చేయకూడదని దాని సారాంశం.

బాగానే ఉంది. భూమి యజమానికి హక్కు. ఆ భూమిలో మేత కోసే కూలోడికి? మబ్బు చెదిరితే వాడికీ పని పోతుంది. కేసు వేయడానికి వాడికి పట్టా లేదు. వానమీద హక్కు కూడా పాసుపుస్తకం వెంబడే పోతుంది. మన ఊళ్ళో కరువు నష్టపరిహారం ఎట్లా వస్తుంది? పట్టాదారు పేరున వస్తుంది. కౌలుకు చేసిన మాదిగాయనకు రాదు, కలుపు తీసే పని పోయిన మాలామెకు రాదు. వాన రాకపోతే మనల్ని పిలిచి డప్పు కొట్టమంటారు, కప్పలకు పెండ్లి చేయమంటారు. గుడిలో విరాటపర్వం చదివేవాళ్ళకు సంభావన ముట్టుతుంది. వాన వస్తే చేను వాళ్ళది. ఎండితే పరిహారమూ వాళ్ళదే.

ఇంకొక ప్రమాదం చెప్పి ఆ పెద్దాయన ప్రశ్న దగ్గరికి వస్తాను.

2025 జూలై 4న టెక్సాస్‌లో గ్వాడలూప్ నదికి రాత్రికి రాత్రి వరద వచ్చి ఆ ప్రాంతంలో 130 మందికి పైగా చనిపోయినారు. ఎండాకాలం శిబిరానికి వచ్చిన ఆడపిల్లలు కొట్టుకుపోయినారు. రెండు రోజుల ముందు రెయిన్‌మేకర్ అనే కంపెనీ వంద మైళ్ళకు పైగా దూరాన మబ్బుల్లో మందు చల్లింది. అంతే, వరద వాళ్ళే తెచ్చినారని దేశమంతా పుకారు. కంపెనీ వాళ్ళకు బెదిరింపులు. ఆ కొద్ది రోజుల్లోనే ఓక్లహోమా నగరంలో ఒకడు టీవీ చానెల్ వాతావరణ రాడార్ మీద దాడి చేసినాడు, అదే వాతావరణాన్ని మారుస్తోందని. అంత పెద్ద వాన ఆ చిటికెడు మందుతో రాదని శాస్త్రవేత్తలు చెప్పినారు. అది తుపాను మిగులు తేమ. ఇక్కడ నిజంగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. వరద వచ్చే నదని తెలిసి కూడా కెర్ కౌంటీలో ఆ నది ఒడ్డున హెచ్చరిక సైరన్లు లేవు. దానికోసం 2017లో డబ్బు అడిగితే రాలేదు. పుకారు పుణ్యాన సైరన్ పెట్టనోళ్ళు వెనక్కి జరిగినారు, ఆకాశంలో దొంగ ముందుకొచ్చినాడు.

మనకు బాణామతి తెలుసు. ఊళ్ళో పశువు చస్తే, బిడ్డకు జ్వరమొస్తే, వాన ఎగ్గొడితే ఎవరో ఒకరు చేసినారంటారు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడైనా దొర అయినాడా? పళ్ళు ఊడగొట్టేది, చెట్టుకు కట్టేసి కొట్టేది మనోళ్ళనే, అందులో ముసలి ఒంటరి ఆడోళ్ళను. ఆకాశం మీద పుకారును అందుకే తేలిగ్గా తీసుకోకూడదు. ఈ రోజు విమానం అంటారు. రేపు మబ్బును ఫలానా వాడవాళ్ళు చెడగొట్టినారంటారు. అందుకని ఆ పిల్లోడికి చెప్పినాను: ఆ వీడియో ఇంకెవరికీ పంపొద్దురా.

మరి నిషేధాలన్నీ తప్పేనా? కాదు. ఎవరు నిషేధించమన్నారు, ఎందుకు అన్నారు అనేది చూడాలి. యూరప్ ఉత్తరాన స్వీడన్‌లో సామీలని ఆదివాసులున్నారు. దుప్పులను మేపుకుని బతుకుతారు. 2021లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కిరునా అనే చోట బుడగ ఎగరేసి పరీక్ష మొదలుపెట్టాలనుకున్నారు. ఆ మొదటి ఎగురుడులో ఏమీ చల్లరు, పరికరాలు పనిచేస్తాయా లేదా చూస్తారంతే. సామీ మండలి పర్యావరణ సంఘాలతో కలిసి ఉత్తరం రాసింది. మా నేల మీద, మా నెత్తి మీద చేసే పని మాకు చెప్పకుండా ఎట్లా చేస్తారని అడిగినారు. పరీక్ష ఆగిపోయింది. 2024లో హార్వర్డ్ ఆ పథకాన్నే మూసేసింది. మెక్సికోలో 2022లో ఒక అమెరికా పిల్లకంపెనీ ఎవరినీ అడగకుండా గంధకం బుడగలు వదిలింది. 2023 జనవరిలో మెక్సికో ప్రభుత్వం ఇట్లాంటి ప్రయోగాలు తన దేశంలో సాగనివ్వనని ప్రకటించింది. మెక్సికోలోనే ప్వేబ్లాలో 2018లో ఫోక్స్‌వాగన్ కార్ల కంపెనీ వడగండ్లు కొత్త కార్ల మీద పడకుండా ఆకాశంలోకి ఫిరంగులు పేలిస్తే, మా వాన పోయిందని రైతులు తిరగబడినారు. నిజానికి ఆ ఫిరంగికి మబ్బును ఆపే శక్తి ఉందని శాస్త్రం ఒప్పుకోదు. కానీ కంపెనీ దిగొచ్చి కార్లమీద వలలు కట్టుకుంటామంది. మొదట్నుంచీ వలలే కట్టుకోవచ్చు కదా! అడిగినోడు లేక కట్టుకోలేదు.

సామీలు అడిగింది "మమ్మల్ని అడిగినారా" అని. ఫ్లోరిడా చట్టంలో ఆ ప్రశ్నే లేదు. కూలీని అడగలేదు, నల్లవాడను అడగలేదు. భయాన్ని చట్టంగా రాసి, పొగగొట్టాన్ని వదిలేసినారు.

ఇప్పుడు పెద్దాయనకు జవాబు. అమెరికా యవ్వారం మనకెందుకంటే, ఆ వీడియోతోపాటు ఆ ఆలోచన కూడా మన వాడకు వచ్చింది కాబట్టి. మనకు రెండు పనులున్నాయి. మళ్ళీ ఎప్పుడైనా మేఘమథనం విమానం వస్తే పంచాయితీలో అడగండి: ఏం చల్లుతున్నారు, ఎంత ఖర్చు, ఎవరి కాంట్రాక్టు, వాన ఎక్కువై మట్టిగోడలు కూలితే బాధ్యత ఎవరిది, పట్టా లేనోడికి నష్టం ఎట్లా కడతారు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి కాయితం పెట్టండి. తెల్ల రేషన్ కార్డుంటే ఆ పది కూడా అక్కర్లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. 2005 ఉపాధి హామీ చట్టంలో పని చేసే చోట తాగునీళ్ళు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాసినారు. ఫ్లోరిడా కూలీ కొట్లాడి కూడా తెచ్చుకోలేనిది మనకు కాయితం మీద అప్పుడే వచ్చింది. ఆ చట్టం స్థానంలో పార్లమెంటు 2025 డిసెంబరులో కొత్త చట్టం పెట్టింది. పేరేదైనా మట్టి తవ్వేది మనమే, ఎండా అదే. ఇన్నేండ్లలో మీలో ఎంత మంది పని దగ్గర ఆ పరదా చూసినారు? చేతులెత్తండి. చూసినారా, నాలుగు చేతులు.

కాబట్టి వచ్చే సమావేశానికి ఒక్కో వాడ నుంచి ఒకరు ఇది రాసుకురండి. పోయిన ఎండాకాలం పని ఎన్ని రోజులు జరిగింది, ఏ చోట, పరదా వేసినారా లేదా, నీళ్ళు ఎవరు తెచ్చినారు, ఎండదెబ్బకు ఎవరైనా పడిపోయినారా, పడిపోయిన రోజు మస్టర్‌లో కూలి పడిందా లేదా. రాయడం రానోళ్ళు ఆ ఇంటర్ పిల్లోడి చేత రాయించండి. వాడికి పని చెప్పినాను, ఒప్పుకున్నాడు. శ్మశానం జాగా కాయితాలు కూడా తెచ్చుకోండి పెద్దాయనా, ఆ రోజే మండలాఫీసుకు కలిసి పోదాం.

జై భీమ్.